కాళ్ల కింద కీర్తి, కౌంటర్లో రసీదు

2025 జులై మొదటి వారంలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపు పండగ చేసుకుంది. హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ వాళ్లు 2026కి ఎంపిక చేసిన పేర్లలో దీపికా పదుకొణె ఉంది. శుభం. ఆ అమ్మాయి కష్టపడి పైకొచ్చింది, ఆమెతో నాకే పేచీ లేదు. నా ఒళ్లు మండించింది ఆ వార్త వెనకాలే వచ్చిన దండకం. చరిత్రలోనే తొలి భారతీయ తారట. అమెరికా మనకి తల వంచిందట. ఈ రెండో మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. పేరు ఫుట్‌పాత్ మీద చెక్కితే, చదవాలనుకున్నవాడు తల వంచక ఏం చేస్తాడు?

తెలియనివాళ్లుంటే (ఉండరు, అక్కడ ఫొటో దిగి పంపని ఎన్నారై బంధువు లేని ఇల్లు మన జిల్లాల్లో దొరకదు) రెండు ముక్కల్లో చెబుతాను. లాస్ ఏంజెలెస్‌లో హాలీవుడ్ బులవార్డ్, వైన్ స్ట్రీట్ అని రెండు రోడ్లు. వాటి ఫుట్‌పాత్‌లో గులాబీ రంగు టెరాజో (రాతి ముక్కలు కలిపి నున్నగా చేసిన గచ్చు) నక్షత్రాలు, ఇత్తడి అంచు, మధ్యలో ఇత్తడి అక్షరాలతో పేరు. ఇప్పటికి 2,700 దాటాయి. ఇదంతా నడిపేది ఏ కళల అకాడమీయో అనుకునేరు. కాదు, హాలీవుడ్ చాంబర్ ఆఫ్ కామర్స్. అంటే ఊళ్లో వర్తక సంఘం. వాళ్ల వీధికి జనం రావాలి, వచ్చిన జనం ఏదో ఒకటి కొనాలి. అందులో తప్పేం లేదు. వర్తకులు వర్తకం చేసుకోకపోతే భజన చేస్తారా?

వర్తక సంఘం కాబట్టి లెక్క పక్కాగా ఉంటుంది. నక్షత్రం ఒకటికి 85,000 డాలర్లు. మన డబ్బులో డెబ్బై లక్షలు దాటుతుంది. అంతకు ముందు 75,000 ఉండేది, ఇంకా ముందు 50,000. దరఖాస్తు రుసుము విడిగా. ఈ డబ్బు సాధారణంగా తార జేబులోంచి రాదు. స్టూడియోనో, మ్యూజిక్ కంపెనీయో, అభిమాన సంఘమో కడుతుంది. ఎంపిక కమిటీ ఉంది, అడిగిన ప్రతివాడికీ ఇవ్వరు, అది నిజమే. కానీ కమిటీ సరేనన్నాక డబ్బు కట్టేవాడు లేకపోతే నక్షత్రం పొడవదు. మన గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కిస్తాం చూడండి, అలాంటిదే ఇది. తేడా ఏమిటంటే, మనవాళ్లు పేరు పక్కన ‘రూ. 1,116’ అని కూడా చెక్కిస్తారు. నిజాయితీపరులు.

అన్నిటికంటే నాకు నచ్చిన నిబంధన ఇంకోటుంది. దరఖాస్తుతో పాటు సదరు ప్రముఖుడు సంతకం పెట్టిన అంగీకార పత్రం జతచేయాలి. ఆవిష్కరణకి స్వయంగా వస్తానని కూడా ఒప్పుకోవాలి. అంటే రేపు మైకు ముందు ‘కలలో కూడా అనుకోలేదు’ అని కళ్లు తుడుచుకునే పెద్దమనిషి, ఎప్పుడో దరఖాస్తునాడే ‘తప్పకుండా వస్తాను’ అని రాసిచ్చిన పెద్దమనిషే.

ఆ కార్యక్రమం చూసి తీరాలి. పట్టపగలు రోడ్డు పక్కన బారికేడ్లు కడతారు. ఎర్ర తివాచీ పరుస్తారు. ఇద్దరు తోటి తారలు వచ్చి, మూడో తార ఎంత నిగర్వో పావుగంట చెబుతారు. ఆ రోజుని హాలీవుడ్‌లో ‘ఫలానావారి దినం’గా ప్రకటిస్తారు. కొన్నేళ్లపాటు ఈ తతంగానికి పెద్దగా జానీ గ్రాంట్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన హోదా హాలీవుడ్ గౌరవ మేయర్. హాలీవుడ్ లాస్ ఏంజెలెస్‌లో ఒక పేట, దానికి అసలు మేయరే ఉండడు. లేని పదవికి గౌరవ హోదా! మన సన్మాన సంఘాలకి ఇంతవరకు తట్టని ఐడియా ఇది, దయచేసి ఎవరూ చెప్పకండి.

తర్వాత గుడ్డ తీస్తారు. అప్పుడు కోట్లు సంపాదించిన మనిషి, వేల రూపాయల ప్యాంటు వేసుకున్న మనిషి, ఫుట్‌పాత్ మీద మోకాళ్ల మీద కూర్చుని తన పేరుని తనే వేలు పెట్టి చూపిస్తాడు. ఫొటోగ్రాఫర్లు ‘ఇటు సార్, ఇటు’ అని అరుస్తారు. ఆయన ఇటు తిరిగి వేలు పెడతాడు, అటు తిరిగి వేలు పెడతాడు. కొందరు పక్కకి ఒరిగి చెయ్యి తలకింద పెట్టుకుని శేషశయనం కూడా చేస్తారు. మధ్యాహ్నానికి బారికేడ్లు తీసేస్తారు. సాయంత్రానికి అదే పేరు మీద మాసిన స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు వేసుకున్న ఒకాయన నిలబడి, తనతో ఫొటో దిగినందుకు టిప్పు ఇవ్వమని టూరిస్టులతో బేరమాడుతుంటాడు. ఆ స్పైడర్‌మ్యాన్‌ని కూడా నేనేమీ అనను. ఆ వీధిలో తన రేటు మొహం మీద చెప్పేది ఆయనొక్కడే.

ఇక ఆ ‘అరుదైన గౌరవం’ ఎవరెవరికి దక్కిందో చూడండి. మిక్కీ మౌస్‌కి ఉంది. గాడ్జిల్లాకి ఉంది. ష్రెక్‌కి ఉంది. రిన్ టిన్ టిన్, లాసీ, స్ట్రాంగ్‌హార్ట్ అని మూడు కుక్కలకి ఉంది. కౌబాయ్ పాటల జీన్ ఆట్రీకి ఒక్కడికే ఐదు. 2002లో ముహమ్మద్ అలీకి ఇచ్చారు. బాక్సింగ్‌కి అప్పట్లో విభాగం లేదు కాబట్టి రంగస్థల ప్రదర్శన కింద రాసుకున్నారు. ప్రవక్త పేరు కూడా అదే, దాన్ని తొక్కనివ్వనన్నాడు అలీ. సరేనని ఆయన నక్షత్రాన్ని థియేటర్ గోడకి పెట్టారు. రెండువేల పైచిలుకు ప్రముఖుల్లో, కాళ్ల కింద పేరుండటం అంత గొప్పేం కాదని చూసి మరీ చెప్పినవాడు ఒక బాక్సర్.

డొనాల్డ్ ట్రంప్‌కి 2007లో టీవీ విభాగంలో ఇచ్చారు. అప్పటినుంచి ఆ మూడడుగుల జాగా ఒక చిన్న దేశం. 2016 జులైలో ఒక వీధి చిత్రకారుడు దాని చుట్టూ జానెడు ఎత్తు గోడ కట్టాడు. గోడ మీద ముళ్లకంచె, బుల్లి జెండాలు, ‘లోపలికి రావద్దు’ బోర్డులు, అన్నీ పెట్టాడు. సరిహద్దు గోడ కడతానని ఊరూరా తిరిగిన మనిషికి, ఆయన గెలవకముందే గోడ పూర్తయింది. అదే ఏడాది అక్టోబరులో ఇంకొకడు రోడ్డు పని చేసేవాడి వేషంలో వచ్చి సమ్మెటతో పగలగొట్టాడు. బాగుచేశారు. 2018లో మరొకడు గునపం తెచ్చాడు. మళ్లీ బాగుచేశారు. అప్పుడు వెస్ట్ హాలీవుడ్ నగర కౌన్సిల్ సమావేశమై, ఈ నక్షత్రాన్ని తొలగించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. వెస్ట్ హాలీవుడ్ వేరే ఊరు. ఆ ఫుట్‌పాత్ వాళ్లది కాదు. ఆ రోడ్డూ వాళ్లది కాదు. పక్కూరి చెరువులో పూడిక తియ్యమని మన పంచాయతీ తీర్మానం చేసినా ఇంతకంటే ఉపయోగమే. చాంబర్ మాత్రం ఒకసారి వేశాక తీసేది లేదంది.

వాళ్లు తీయకపోయినా దొంగలు తీస్తారు లెండి. 2005లో నటుడు గ్రెగరీ పెక్ నక్షత్రాన్ని రంపంతో కోసి పట్టుకుపోయారు. పేర్లలో తప్పులు మరో కథ. నటుడు డిక్ వాన్ డైక్ ఇంటిపేరుని కలిపేసి చెక్కారు. నటి జూలియా లూయీ-డ్రైఫస్ పేరులో ఒక అక్షరమే మింగేశారు. ఊళ్లో పెళ్లి కార్డు అచ్చేసే కుర్రాడు కూడా ప్రూఫు ఒకటికి రెండుసార్లు చూపిస్తాడు.

అన్నట్టు, తొలి భారతీయ తార సంగతి. మైసూరు సంస్థానంలో ఒక మావటివాడి కొడుకు, పేరు సాబూ. ‘ఎలిఫెంట్ బాయ్’ సినిమాకి ఏనుగు మీద కూర్చోగల పిల్లాడు కావాలని వెతుకుతూ వచ్చినవాళ్లకి దొరికాడు. 1937లో ఆ సినిమాతో ప్రపంచమంతా తెలిశాడు. 1944లో అమెరికా పౌరుడయ్యాడు. యుద్ధంలో వాళ్ల బాంబర్ విమానం తోకలో కూర్చుని తుపాకీ పేల్చాడు. 1960లో నక్షత్రం వచ్చింది. 1963లో చనిపోయాడు, నలభై నిండలేదు. హాలీవుడ్ ఆయనకి బతికున్నన్నాళ్లూ ఏనుగునో, అడవినో, తలపాగానో తప్ప ఇంకేం ఇచ్చింది? ఆ పిల్లాడి పేరు ఆ ఫుట్‌పాత్ మీద అరవై ఏళ్లకి పైగా ఉంది. మా గ్రూపులో రాకెట్ బొమ్మలు పెట్టి ‘తొలి’ అని రాసిన అన్నయ్యకి ఆ మాట పంపాను. చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

ఇంతవరకు నవ్వుకోవడానికి బాగుంది. ఇక్కడనుంచి నాకు నవ్వు రాదు.

ఈ నక్షత్రాల పని 1960లో మొదలుపెట్టి, తొలి విడతలోనే పదిహేను వందల పైచిలుకు పేర్లు పరిచారు. అందులో చార్లీ చాప్లిన్ లేడు. సినిమా అంటే ఏమిటో ఆ ఊరికి నేర్పినవాడే లేడు. కమ్యూనిస్టు సానుభూతిపరుడని 1952లో దేశంలోకి తిరిగి రానివ్వలేదు, ఫుట్‌పాత్ మీదకి కూడా రానివ్వలేదు. కొడుకు కోర్టుకెళ్లాడు, లాభం లేకపోయింది. 1972లో ఆస్కార్ వాళ్లు ఆయన్ని పిలిచి సన్మానించిన ఏడాదే, వర్తక సంఘానికి హఠాత్తుగా ఆయన ప్రతిభ కనబడింది.

పాల్ రోబ్సన్ అనే నల్లజాతి గాయకుడు, నటుడి సంగతి ఇంకా ఘోరం. తండ్రి బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన మనిషి. కొడుకు కాలేజీ ఫుట్‌బాల్‌లో దేశస్థాయి ఆటగాడు, కొలంబియాలో లా చదివాడు. ఆ గొంతు విన్నవాళ్లు మర్చిపోలేదు. 1943లో న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వేలో షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లోగా వేస్తే, ఆ నాటకం దాదాపు 300 ప్రదర్శనలు ఆడింది. నల్లవాళ్లని చెట్లకి ఉరితీస్తున్న దేశంలో, అది తప్పని పైకి చెప్పినందుకు, సోవియట్ యూనియన్‌ని మెచ్చుకున్నందుకు 1950లో పాస్‌పోర్టు లాక్కున్నారు. ఎనిమిదేళ్లు ఇవ్వలేదు. కెనడా వెళ్లి పాడనివ్వకపోతే, 1952లో సరిహద్దు దగ్గర లారీ మీద నిలబడి అవతలివాళ్లకి వినబడేలా పాడాడు. బతుకుతెరువు లేకుండా చేశారు. రికార్డులు దొరక్కుండా చేశారు. మనిషి చితికిపోయి 1976లో చనిపోయాడు.

1978లో ఆయన పేరు ప్రతిపాదిస్తే, ఈ చాంబర్ వద్దంది. చనిపోయిన మనిషికి, మూడడుగుల ఫుట్‌పాత్, వద్దంది! సరిగ్గా అదే ఏడాది మిక్కీ మౌస్‌కి యాభయ్యో పుట్టినరోజని నక్షత్రం వేసి చప్పట్లు కొట్టారు. ఎలుకకి చోటుంది, రోబ్సన్‌కి లేదు. సిగ్గుండాలి కదా! కమిటీలో కూర్చున్నవాళ్లు కోట్లు వేసుకుని, కాఫీ తాగుతూ, ఆ రెండు కాగితాల మీదా వేరువేరుగా సంతకాలు పెట్టి ఇళ్లకెళ్లి భోంచేసి ఉంటారు.

నిరసనలు గట్టిగా వచ్చాయి. అప్పుడు దిగొచ్చి 1979లో వేశారు. అప్పటికి రోబ్సన్ పోయి మూడేళ్లు. ఆయన అంగీకార పత్రం ఎవరూ అడగలేదు. అడిగే వీలున్నప్పుడు అడిగి ఉంటే, ఆ కాగితాన్ని ఆయన ఏం చేసేవాడో ఊహించుకోవడం నాకు ఇష్టం.