మహారాజశ్రీ మ్యూట్ బటన్ గారి దివ్యసముఖమునకు

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలమేమీ ఏడవలేదు. ఇవాళ మధ్యాహ్నం ఆన్‌లైన్ రివ్యూలో మా డైరెక్టర్ గారు అంకెలు చదువుతుండగా, బాత్రూమ్‌లోంచి మా నాలుగేళ్లవాడు "అమ్మా, అయిపోయిందీ... వచ్చి కడుగూ!" అని పెట్టిన కేక 14 మందికి శుభ్రంగా వినిపించింది. పలకలేదని వాడు మళ్లీ పెట్టాడు. అదీ వినిపించింది. తమరి మీద ఎర్రగీత ఉంది కదా అని నేను నిశ్చింతగా తలూపుతూ కూర్చున్నాను.

స్పేస్ బార్ నొక్కి ఉంచినంతసేపూ తమరు తెరుచుకునే ఉంటారట. మా పెద్దమ్మాయి "ఇది చెప్పు" అంటూ లెక్కల పుస్తకం తెచ్చి కీబోర్డు మీదే పెట్టింది. అట్ట బరువుకే కరిగిపోయారు తమరు! మరి పోయిన వారం నేను మూడు నిమిషాలు ఏకధాటిగా వాదించినప్పుడు ఆ జాలి ఏమైందండీ? "మేడమ్, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్నారు. రెండోసారి చెబితే ఆ ఊపు వస్తుందా?

"కుటుంబమే ముందు" అని మెయిల్ పంపి రాత్రి ఎనిమిదింటికి కాల్ పెట్టేవాళ్ల జోలికి ఇప్పుడు పోను. 2020లో కరోనా వల్ల 190 పైచిలుకు దేశాల్లో బళ్లు మూతపడి 150 కోట్ల మందికి పైగా పిల్లలు ఇంటిపట్టునున్నారట. అందులో ఇద్దరు మావాళ్లు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ముందు ఏడాదే చెప్పింది. మావాడికి ఆ గంట పొద్దున తొమ్మిదిన్నరకే చెల్లిపోతుంది.

నా కడుపుమంట తలుపు గురించి. మా ఇంట్లో గడియ పడేది ఒక్క గదికే. "నావి క్లయింట్ కాల్స్, రెండు వారాలే" అని మార్చిలో ఆయన అందులోకి వెళ్లారు. నావేమన్నా పిట్టగోడ కబుర్లా? ఆయనకు తలుపు, నాకు నువ్వు. ఆ తలుపు ఏ రోజైనా పుస్తకం ఆనితే తెరుచుకుందా? 2017లో బీబీసీ ఇంటర్వ్యూ ఇస్తూ గడియ వేయడం మరిచిన ప్రొఫెసర్ వెనక పిల్లలు చొరబడితే లోకమంతా ముద్దుగా నవ్వుకుంది. పరుగున వచ్చి వాళ్లను లాక్కెళ్లిన తల్లిని మాత్రం చాలామంది ఆయా అనుకున్నారు. ఆవిడకి నువ్వూ లేవు, గడియా లేదు. నాకు నువ్వుండీ ఇదే గతి!

సరే, ఒకటి ఒప్పుకుంటాను. డైరెక్టర్ గారి గురించి ఇన్నాళ్లూ నేను గొణిగినవన్నీ కడుపులో దాచుకున్నావు. ఒక్కటి జారినా ఈపాటికి నాకు తీరికే తీరిక. అందుకే ఈసారికి వదిలేస్తున్నా.

రేపు పదకొండింటికి మళ్లీ మీటింగ్. లెక్కల పుస్తకం బీరువా పైకెక్కించాను. వాణ్ని ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు,
20 సెకన్లు చేతులు కడుక్కుని వచ్చిన ఓ అమ్మ