రాబిన్ విలియమ్స్ మీద తిరిగే ఆ మెసేజ్ గురించి

ఆగస్టు 11 దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. హాలీవుడ్ హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ నవ్వుతున్న ఫొటో, కింద నాలుగు మాటలు. లోకాన్ని నవ్వించేవాళ్ళంతా లోపల ఏడుస్తుంటారట, ఆయన తన డిప్రెషన్‌ని ఎవరికీ చెప్పకుండా నవ్వు వెనక దాచుకున్నాడట, డబ్బూ పేరూ అన్నీ ఉండి కూడా తట్టుకోలేకపోయాడట, చివరికి విముక్తి పొందాడట. ఈసారి మా చుట్టాల గ్రూపులో పెద్దమ్మ పెట్టింది. ప్రేమతోనే పెట్టింది, నాకు తెలుసు. 2014లో ఆయన పోయిన వార్త విని నేనూ ఏడ్చాను. 'మిసెస్ డౌట్‌ఫైర్' చూడనివాళ్ళకి కూడా ఆయన కొంత పరిచయమే, ఎందుకంటే మనం పడీపడీ నవ్విన కమల్ హాసన్ 'భామనే సత్యభామనే'కి మూలం ఆ సినిమానే. కానీ ఆ మెసేజ్‌లో నిలబడే మాట దాదాపు ఒక్కటీ లేదు.

ముందు "దాచుకున్నాడు" అన్న మాట. కొకెయిన్, మందు అలవాట్ల గురించి స్టేజి మీద వేలమంది ముందు చెప్పుకున్న మనిషి ఆయన. ఇరవై ఏళ్ళు ముట్టని మందు మళ్ళీ మొదలైందని, 2006లో చికిత్సకి చేరానని ఇంటర్వ్యూల్లో దాపరికం లేకుండా మాట్లాడాడు. చనిపోయిన ఏడాది వేసవిలో కూడా మిన్నెసోటాలో ఒక చికిత్సా కేంద్రానికి వెళ్ళొచ్చాడు, డాక్టర్లకి చూపించుకుంటూనే ఉన్నాడు. ఆయన సాయం అడిగాడు. దాచి చచ్చిపోయాడని అనడం ఆయనకీ, పక్కనే ఉండి చూసుకున్నవాళ్ళకీ చేసే అన్యాయం.

డిప్రెషనే చంపేసింది అన్నది రెండోది, అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే. 2013 చివర్లో మొదలైందంతా. నిద్ర పట్టదు, మలబద్ధకం, వాసన తెలియదు, ఎడమ చెయ్యి సన్నగా వణుకుతుంది, కారణం లేని భయం. ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించేవి, వచ్చి పోయేవి. 2014లో వాంకూవర్‌లో 'నైట్ ఎట్ ద మ్యూజియం' మూడో భాగం షూటింగులో ఒక్క డైలాగు గుర్తుపెట్టుకోవడం కూడా కష్టమైపోయింది, అదీ మూడేళ్ళ ముందు న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వేలో నెలల తరబడి రాత్రీ రాత్రీ నాటకమాడి వందల డైలాగులు తడబడకుండా చెప్పిన మనిషికి. మే నెలాఖరుకి డాక్టర్లు పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, అన్నారు. ఆగస్టులో, 63 ఏళ్ళ వయసులో, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. అసలు జబ్బు పేరు పోస్ట్‌మార్టం తర్వాతే బయటపడింది: లూయీ బాడీ డిమెన్షియా. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ మెదడు కణాల్లో గడ్డకట్టి ఆలోచననీ కదలికనీ నిద్రనీ మనసునీ అన్నిటినీ చెడగొట్టే జబ్బు. ఆందోళన, అనుమానం, డిప్రెషన్ దాని లక్షణాల్లోవి. ఆయన భార్య సుసాన్ 2016లో 'న్యూరాలజీ' అనే వైద్యపత్రికలో ఈ నెలలన్నిటి గురించీ రాశారు, అది చదివితే గుండె పిండేసినట్టవుతుంది, మెదడు తన చేతిలోంచి జారిపోతోందని ఆయనకి తెలుస్తూనే ఉంది, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. మళ్ళీ తాగాడనీ, డ్రగ్స్ అనీ కూడా కొందరు రాశారు. పరీక్షల్లో మందు లేదు, డ్రగ్స్ లేవు, డాక్టర్లు రాసిచ్చిన మాత్రలే ఉన్నాయి.

డబ్బుంటే ఏం లాభం అనే మాటకి పెద్ద జవాబు అక్కర్లేదు. జబ్బు బ్యాంకు పాస్‌బుక్ చూసి రాదు.

ఇక "నవ్వించేవాళ్ళంతా లోపల ఏడుస్తారు". బెంగతో డాక్టరు దగ్గరికెళ్ళిన ఒకాయనకి, ఊళ్ళో గొప్ప విదూషకుడున్నాడు వెళ్ళి చూడు అని డాక్టరు చెబితే, ఆ విదూషకుణ్ణి నేనేనండీ అన్నాడనే కథ మీరూ వినే ఉంటారు. లండన్ విదూషకుడు గ్రిమాల్డీ మీద 19వ శతాబ్దంలోనే చెప్పుకున్న కథ అది. అందుకే ఎవరు పోయినా వాళ్ళకి అతికించేస్తాం. బాబ్ హోప్, జార్జ్ బర్న్స్ జీవితమంతా నవ్వించి నూరేళ్ళు బతికారు, వాళ్ళ ఫొటోలు పెట్టి ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. పైగా ఈ కథ మన చూపుని తప్పుదారి పట్టిస్తుంది. 2021లో మన దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క, అందులో 42,004 మంది రోజుకూలీలు. వాళ్ళ లోపలి ఏడుపు గురించి ఏ ఫొటో మీదా కవిత్వం రాదు.

చివరిది, నాకు భయం పుట్టించేది, "విముక్తి". ఆయన పోయిన రాత్రి ఆస్కార్ అకాడమీ వాళ్ళే 'అల్లాద్దీన్'లో ఆయన గొంతిచ్చిన జీనీ బొమ్మతో, నీకిక స్వేచ్ఛ అన్న అర్థంలో ట్వీట్ పెట్టారు. ప్రపంచమంతా పంచుకుంది. అప్పుడే ఆత్మహత్యల నివారణ మీద పనిచేసేవాళ్ళు ఇది ప్రమాదం అని మొత్తుకున్నారు, ఎందుకంటే అంచున నిలబడ్డ మనిషికి అది దారి చూపించినట్టు అవుతుంది. కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2018లో చూపించింది కూడా తేలిగ్గా తీసుకునేది కాదు: ఆయన పోయిన ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అమెరికాలో ఆత్మహత్యలు అనుకున్నదానికన్నా సుమారు 10 శాతం ఎక్కువ.

ఇదంతా ఎందుకు పట్టించుకుంటున్నానంటే, మా మామయ్య. పెళ్ళిళ్ళలో ఆయనున్న బంతిలోనే అందరూ కూర్చోవాలనుకుంటారు, అంత నవ్విస్తాడు. కొన్నేళ్ళ కింద నెలల తరబడి నిద్ర లేదని, ఏమీ బాగోలేదని చెబితే "నీకేం టెన్షన్ మామయ్యా, నువ్వే అందర్నీ నవ్విస్తావు కదా" అన్నది నేనే. అత్తయ్య నా మాట వినకుండా ఆయన్ని సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలు వాడాడు, తగ్గింది. జోకులు అప్పుడూ వేసేవాడు, ఇప్పుడూ వేస్తాడు, అవి ఆయన ముసుగు కాదు, ఆయన స్వభావం.

మామయ్య కూడా అదే గ్రూపులో ఉన్నాడు. పెద్దమ్మ పెట్టిన మెసేజ్ ఆయనా చదివాడు. నేను పెద్దమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, ఆవిడ దాన్ని తీసేసి, ఆ చోట 14416 నంబరు పెట్టింది. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సాయం టెలి మానస్‌ది అది, ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.