వేలితో తేల్చే వ్యవహారం కాదు ఇంజన్ ఆయిల్

హైదరాబాద్ కారు యజమానుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: ఆయిల్ నల్లబడితే పాడైనట్టే, వేళ్ల మధ్య రుద్దితే తెలిసిపోతుంది, సింథటిక్ ఆయిల్‌కు ఆక్సీకరణం (ఆక్సిజన్ చేరి చెడిపోవడం) అంటదు, కిలోమీటర్లు తిరగని బండికి ఆయిల్ మార్చనక్కర్లేదు, ప్రయోగశాలలో గంటల్లో ముగించే పరీక్షలు నెలల తరబడి రోడ్డు మీద తిరిగే బండికి వర్తించవు, అవన్నీ కంపెనీల వ్యాపార తంత్రం. ప్రయోగశాల పరీక్షల గురించిన మాటలో ఒక పిసరు నిజం ఉంది. దాని సంగతి తర్వాత.

ముందు నలుపు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసి కాస్త దూరం తిరిగి డిప్‌స్టిక్ తీసి చూడండి, అప్పటికే నల్లగా ఉంటుంది. అది మసి. ఆయిల్‌లో కలిపే డిస్పర్సెంట్లు ఆ రేణువులను ముద్దకట్టనివ్వకుండా తేలుస్తూ ఉంచుతాయి. అంటే ఆ నలుపు ఆయిల్ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ సీఎన్‌జీ ఆటో. గ్యాస్‌తో మసి తక్కువ కాబట్టి ఆయిల్ తేటగానే కనిపిస్తుంది. లోపల ఆక్సీకరణం, నైట్రేషన్ (నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసి ఆయిల్‌ను చెడగొట్టడం) మాత్రం ఆగవు. రంగును నమ్మిన ఆటో డ్రైవరు నష్టపోతాడు.

వేళ్ల పరీక్ష ఇంకా విడ్డూరం. ఇంజన్‌లో ఆయిల్ పనిచేసేది 100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో. 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. ఒంటి వేడి దగ్గర వేలికి తగిలే జిగటను బట్టి అక్కడ అది 9 ఉందో 12 ఉందో చెప్పగలిగే మెకానిక్ ఇంకా పుట్టలేదు. అసలు చిక్కు మరొకటి ఉంది. ఆక్సీకరణం ఆయిల్‌ను చిక్కబరుస్తుంది. కాలని పెట్రోలు కిందికి కారి ఆయిల్ నిలిచే చాంబర్‌లో కలిస్తే పలచబడుతుంది. రెండూ ఒకేసారి జరిగితే చిక్కదనం కొత్త ఆయిల్‌లాగే తేలవచ్చు. అందుకే ప్రయోగశాలలో చిక్కదనం ఒక్కదానితో సరిపెట్టరు. ఆయిల్ గుండా పరారుణ కాంతిని పంపి, ఆ వర్ణపటంలో 1,700 తరంగసంఖ్య (సెంటీమీటరుకు ఎన్ని అలలో చెప్పే అంకె) పరిసరాల్లో లేచే శిఖరాన్ని చూస్తారు, అది ఆక్సిజన్ వచ్చి చేరిన అణువుల జాడ. ఆమ్లాలను విరిచే శక్తి ఇంకా ఎంత మిగిలిందో చెప్పే క్షార సంఖ్య ఎంత తగ్గింది, పోగైన ఆమ్లాలను చెప్పే ఆమ్ల సంఖ్య ఎంత పెరిగింది అన్నదీ కొలుస్తారు.

సింథటిక్ విషయానికొస్తే, అదీ హైడ్రోకార్బనే. వేడికి ఒక అణువు నుంచి హైడ్రోజన్ ఊడుతుంది, ఆ ఖాళీలో ఆక్సిజన్ చేరుతుంది, అది పక్క అణువు హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. అలా గొలుసు సాగుతుంది. అరిగిన ఇనుము, రాగి రేణువులు దాన్ని ఇంకా ఎగదోస్తాయి. మిర్చి బజ్జీల బండి మీద మరిగి మరిగి చిక్కబడే నూనెలో జరిగేదీ దాదాపు ఇదే. సింథటిక్‌లో సులువుగా లొంగే అణువులు తక్కువ కాబట్టి ఎక్కువ కాలం తట్టుకుంటుంది, అంతే.

కిలోమీటర్ల వాదనకు అపార్టుమెంటు సెల్లారులోని జనరేటరే జవాబు. అది ఒక్క కిలోమీటరూ కదలదు, అయినా గంటల మీటరు చూసి ఆయిల్ మారుస్తారు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడ్డ కారుదీ అదే లెక్క.

ఇక ప్రయోగశాల. పెట్రోలు ఇంజన్ ఆయిళ్లకు ఏఎస్‌టీఎం (పరీక్షల ప్రమాణాలు రాసే సంస్థ) డి 4742 అనే పరీక్ష ఉంది. గ్రామున్నర ఆయిల్ తీసుకుంటారు. అందులో ఆక్సీకరణం చెందిన ఇంధన భాగం, లోహ ఉత్ప్రేరకం, కాస్త నీరు కలుపుతారు. ఇంజన్‌లో ఆయిల్‌కు ఎదురయ్యే శత్రువులు ఇవే. పాత్రలో 620 కిలోపాస్కళ్ల ఆక్సిజన్ నింపి, 160 డిగ్రీల వేడిలో ఏటవాలుగా, నిమిషానికి 100 చుట్ల చొప్పున తిప్పుతారు. ఆయిల్ పలుచని పొరగా పరుచుకుంటుంది. ఇక చూడాల్సింది పీడనం గీతనే. ఆక్సీకరణాన్ని అడ్డుకోవడానికి ఆయిల్‌లో కలిపే యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నంతసేపు అది నిలకడగా సాగుతుంది. అవి అయిపోగానే ఆయిల్ ఆక్సిజన్‌ను పీల్చడం మొదలుపెడుతుంది, గీత దిగజారుతుంది. అప్పటివరకు గడిచిన నిమిషాలే ఫలితం. సందేశం రాసినాయన ఎగతాళి చేసిన ఆ తొందర వెనుక కారణం ఉంది: 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక ముతక లెక్క. 100 నుంచి 150 డిగ్రీలకు వెళ్తే 32 రెట్లు.

పిసరంత నిజం ఇక్కడే. ఆ 32తో గుణించి, ఇన్ని నిమిషాలకు ఇన్ని వేల కిలోమీటర్లని చెప్పడం కుదరదు. వేడి మరీ పెరిగితే రసాయన చర్యల దారే మారుతుంది. చిన్న పాత్రలో మసి ఉండదు, ట్రాఫిక్ ఉండదు. ఇది రెండు ఆయిళ్లలో ఏది ముందు లొంగుతుందో తేల్చే పరీక్ష మాత్రమే. ఆ కొరత తీర్చడానికే నిజమైన ఇంజన్ మీద పరీక్షలు వచ్చాయి. సీక్వెన్స్ 3హెచ్ అనే అలాంటి పరీక్షలో 3.6 లీటర్ల క్రైస్లర్ వీ6 ఇంజన్‌ను, ఆయిల్ వేడి 151 డిగ్రీల దగ్గర నిలిపి, 90 గంటలు నడిపి, ఆయిల్ ఎంత చిక్కబడిందో, పిస్టన్ల మీద ఎంత మడ్డి పేరుకుందో చూస్తారు. కంపెనీ తన ఇష్టం వచ్చిన అంకె వేసుకునే వీలు లేకుండా హద్దులు ముందే రాసి ఉంటాయి.

సొంత బండి ఆయిల్ మీద అనుమానం ఉన్నవారు నమూనా సరిగ్గా పట్టాలి. ఇంజన్ వేడిగా ఉండగా డ్రెయిన్ బోల్ట్ విప్పి, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను శుభ్రమైన సీసాలోకి తీసుకోవాలి. అదే రకం కొత్త ఆయిల్ కొంచెం జతచేసి పంపాలి. అది లేకపోతే పాత ఆయిల్ అంకెలను దేనితో పోల్చాలో ప్రయోగశాలకూ తెలియదు.