ధ్రువపత్రాల పని ఎముకలకు అప్పగించండి

సచివాలయాల ముందు జనం పడే యాతన చూడలేక ప్రభుత్వానికి ఈ మనవి. ధ్రువపత్రాలిచ్చే పని ఎముకలకు అప్పగించండి. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది, ఎముకకు ఆ సౌకర్యం లేదు. చేయి తడపమని కూడా అడగదు. చచ్చాకే గదా ఎముకలు చేతికొచ్చేది అంటారేమో. కొన్ని దరఖాస్తులు తేలడానికి ఇప్పుడూ అంతే పడుతోంది.

వయసు, ఆడామగా తేడా కటి ఎముక చెబుతుంది. వయసులో కొన్నేళ్లు అటూ ఇటూ కావచ్చు, పింఛను జాబితాలంత ఘోరంగా కాదు. ఆదాయానికి పంటి పింగాణీ చూడండి. పసితనంలో తిండికి మాడినా, పెద్ద జబ్బు చేసినా అక్కడ గాడులు పడతాయి. ఆ తర్వాత ఎన్ని కోట్లు గడించినా అవి పూడవు.

నివాస ధ్రువపత్రానికైతే కనిగిరి వైపు చాలామందికి దరఖాస్తే అక్కర్లేదు, నవ్వితే చాలు. పళ్లు తయారయ్యే వయసులో తాగిన ఫ్లోరైడు నీళ్లు వాటి మీద గోధుమరంగు చారలు గీస్తాయి. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల్ని పట్టి ఉంచే బంధనాలు కూడా గట్టిపడి, వెన్ను గూనిగా బిగుసుకుని ఇక కదలనని మొండికేస్తుంది. దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బును 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం తొలిసారి నమోదు చేసింది మన దగ్గరే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం అయింది. ఆ జీవోల ప్రతులు బోర్లకు అందినట్టు లేదు.

చిక్కల్లా కుల ధ్రువపత్రంతోనే. అక్కడ ఎముక నోరు విప్పదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్ పాపం ఊరూరా తలలూ ముక్కులూ కొలిచి, 1909లో కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. ఒక్క కులంలో ఎన్ని రకాల ముక్కులుంటాయో ఆయనకు మన పెళ్లి ఆల్బం ఒకటి చూపించి ఉంటే సగం శ్రమ తప్పేది. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో వెన్నుపూసలు చూసిన షార్ట్ బృందానికి జబ్బు మూలం బావి నీళ్లలో దొరికింది.

ఇప్పుడు డబ్బున్న ఇంటికి క్యాను నీళ్లు, లేనింటికి బోరు నీళ్లు. రేపెప్పుడో మన శ్మశానాలు తవ్వేవాళ్లు నిటారు వెన్నుల్నీ గూని వెన్నుల్నీ పక్కపక్కన పరిచి, ఈ ఊళ్లో రెండు జాతులు బతికాయని రాసుకున్నా రాసుకుంటారు.