సవరణ: చేతి గాయం డైరీలో నొప్పి మార్కులు ఒక్కటే చాలవు

కోనసీమలో కొబ్బరి పీచు మిల్లుల్లో, వరికోత మిషన్ల దగ్గర చెయ్యి నలిగి ఆపరేషన్ అయినవాళ్లు రోజూ నొప్పికి పదికి మార్కులు వేసి రాసుకోమని ముందు పోస్టులో చెప్పాను. అది చదివి అమలాపురం వైపు నుంచి ఒకాయన, "మార్కులు రెండుకి దిగాయండీ, పట్టీ తీసేయొచ్చా?" అని అడిగారు.

తీయొద్దు. నొప్పి తగ్గడం వేరు, కుట్టిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) గట్టిపడడం వేరు. మొదటి వారాల్లోనే అది మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. మామూలుగా 12 వారాల దాకా బరువులెత్తనివ్వరు. పట్టీ ఎప్పుడు తీయాలో డాక్టరు చెప్పాలి, డైరీ కాదు.

నొప్పితోపాటు వాపు ఏ పూట ఎక్కువుందో, వేలి కొస అరచేతికి ఎంత దూరంలో ఆగిపోతోందో కూడా రాయండి. తిమ్మిరి ఎక్కడిదాకా ఉందో మాత్రం నెలకోసారి చూస్తే చాలు. తెగిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే తిరిగి పెరుగుతుంది, రోజూ కొలుచుకుంటే మిగిలేది టెన్షనే. అన్నట్టు, స్పర్శ లేని వేళ్లతో వేడి గంజి గిన్నె పట్టుకోకండి, కాలినా తెలియదు.

వేలు పాలిపోయి చల్లబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, నిన్నటిదాకా మడిచిన వేలు ఉన్నట్టుండి మడత పడకపోయినా రాసుకుని కూర్చోవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.