గుర్తు తెలియని మృతదేహం: డీఎన్‌ఏ పేరు చెప్పాలంటే

తిరుపతిలో జిల్లా ఎడిషన్ తిరగేస్తే తరచూ ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ‘గుర్తు తెలియని మృతదేహం. వయసు సుమారు 60. గుండు చేయించుకుని ఉన్నాడు.’ పక్కన మసక ఫొటో. ఆ మనిషిది చిత్తూరో, చెన్నయో, షోలాపూరో తెలియదు. ఇంట్లోవాళ్ల దగ్గరున్న ఫొటోలో నిండుగా జుట్టు, మీసం. ఇక్కడ బోడిగుండు. కన్నబిడ్డలు కూడా వెంటనే పోల్చుకోలేరు.

డీఎన్‌ఏ టెస్టు చేస్తే తేలిపోతుంది కదా అంటాం. ల్యాబ్‌లో జరిగేది తెలిస్తే అంత ధీమాగా అనలేం.

శవం పాడైపోతే దవడ పన్నో, తొడ ఎముకో తీసుకుంటారు. పైపొర గీకి, పొడి చేస్తారు. ఎముకలోని కాల్షియం తర్వాతి పనికి అడ్డం పడుతుంది కాబట్టి దాన్ని కడిగేస్తారు. ప్రొటీన్లను ఎంజైముతో కరిగించి డీఎన్‌ఏను వేరు చేస్తారు. ఆ తర్వాత డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ మెషీన్. 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ పోగులు విడిపోతాయి, 60 డిగ్రీల దగ్గరికి చల్లారాక ఒక్కో పోగుకూ జత తయారవుతుంది. ఇలా 30 సార్లు తిప్పితే, లెక్క ప్రకారం ఒక్క పోగు వంద కోట్లు దాటుతుంది.

మొత్తం డీఎన్‌ఏను చదవరు. ఇరవై, ఇరవై రెండు చోట్ల మాత్రమే చూస్తారు. ఉదాహరణకు 11వ క్రోమోజోముపై టీహెచ్01 అనే చోట నాలుగక్షరాల ముక్క ఒకటి వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరికి 6 సార్లు, ఒకరికి 9 సార్లు. అమ్మ నుంచి ఒక అంకె, నాన్న నుంచి ఒక అంకె. సన్నని గొట్టంలో ఈ ముక్కల్ని పరుగెత్తిస్తే పొట్టివి ముందొస్తాయి, వాటికి తగిలించిన రంగును లేజర్ పట్టుకుని గ్రాఫులో శిఖరాలుగా చూపిస్తుంది. చివరికి చేతికొచ్చేది అంకెల వరస. అందులో పేరూ ఊరూ ఉండవు.

పేరు రావాలంటే కొడుకో కూతురో రావాలి. ప్రతిచోటా బిడ్డ అంకెల్లో ఒకటి ఆ మనిషిది కావాలి. తోడబుట్టినవాళ్లే మిగిలితే కష్టం, కొన్నిచోట్ల రెండంకెలూ కలవకపోవచ్చు.

కేసు చెడేది ఎక్కువగా ల్యాబ్‌కు చేరకముందే అని నా అభిప్రాయం. రోహిణి కార్తె ఎండలో మృతుడి ఒంటిమీది తడి గుడ్డను ప్లాస్టిక్ కవర్లో కడితే బూజు, బ్యాక్టీరియా కలిసి డీఎన్‌ఏను ముక్కలు చేస్తాయి. కండను కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేస్తే ఇంకా నష్టం. అప్పుడు గ్రాఫులో ఎడమవైపు ఉండే పొట్టి ముక్కల శిఖరాలు ఎత్తుగా ఉండి, కుడివైపుకి పోయేకొద్దీ కుంగిపోతాయి, ఎందుకంటే పొడవాటి ముక్కలే ముందు పోతాయి. ఆ గుడ్డను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టడానికి ఖర్చేముంది?

జుట్టు ఉంటే చాలనుకుంటారు చాలామంది. కల్యాణకట్టలో కత్తితో తీసిన వెంట్రుకకు కుదురు ఉండదు. దాని నుంచి ఈ అంకెల వరస మామూలుగా రాదు. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ దొరకొచ్చు, అది తల్లి తరఫు వంశాన్ని చెబుతుందే తప్ప మనిషిని కాదు.

2019 డీఎన్‌ఏ బిల్లులో తప్పిపోయినవారికి, గుర్తు తెలియని మృతులకు వేర్వేరు పట్టికలు పెట్టాలన్నారు. 2023లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. నిందితుల వివరాలు దుర్వినియోగం అవుతాయన్న భయం న్యాయమైనదే. కానీ ఆ భయంతో పాటు ఈ అభాగ్యుల పట్టిక కూడా మునిగిపోయింది. బంధువులు ఇష్టపడి ఇచ్చే శాంపిళ్లతో, ఇంకే కేసుకీ వాడకూడదన్న షరతుతో దీన్ని విడిగా తేవచ్చు.

దేశం నలుమూలల నుంచీ జనం వచ్చే తిరుపతిలో అంతదాకా ఆగనక్కర్లేదు. పేరు తెలియని ప్రతి మనిషికీ దహనానికి ముందే ఎఫ్‌టీఏ కార్డు (డీఎన్‌ఏ పాడవకుండా దాచే ప్రత్యేక కాగితం) మీద ఒక రక్తపు చుక్క, అది కుదరకపోతే ఒక దవడ పన్ను దాచాలి. ఆరిన కార్డుకు ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, ఏళ్ల తరబడి ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఓ కూతురు నాన్న ఫొటో పట్టుకుని స్టేషన్ మెట్లెక్కితే, ఆమె బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పడం అర నిమిషం పని. పోల్చడానికి ఇక్కడ ఆ కార్డు ఉండాలి.