సవరణ: కోకో తోటల మ్యాపింగ్ గురించి

అడవుల నరికివేతపై యూరోపియన్ యూనియన్ తెచ్చిన చట్టం గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. అక్కడికి కోకో వెళ్లాలంటే ప్రతి తోట సరిహద్దూ మొత్తం మ్యాప్ చేయాలని రాశాను. అది 4 హెక్టార్లు దాటిన తోటలకే. అంతకు మించని తోటకు ఒక్క పాయింట్ చాలు: చెట్ల మధ్య నిలబడి ఫోన్‌లో తీసుకున్న అక్షాంశ రేఖాంశాలు, దశాంశ బిందువు తర్వాత కనీసం 6 అంకెలతో. ఐవరీ కోస్ట్, ఘనాల్లో ఎక్కువమందివి చిన్న కమతాలే. నా మాట నమ్మి ఎవరైనా టెన్షన్ పడి ఉంటే మన్నించండి.

అడవి ఎప్పటి తర్వాత కొట్టి ఉండకూడదో చెప్పే కటాఫ్ తేదీ కూడా నేను రాసినట్టు 2023 కాదు, చట్టం వచ్చిన ఏడాది అది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టి వేసిన తోటలో గింజలు తీసుకోరు, అలా కొట్టడానికి స్థానిక చట్టం ఒప్పుకున్నా సరే.